ఇన్సులిన్ ఉచితం, కొలత సొంత ఖర్చు

నవంబర్ 14 వస్తుందంటే చాలు, ఊరూరా ఉచిత మధుమేహ పరీక్షా శిబిరాల ఫ్లెక్సీలు లేస్తాయి. ఇన్సులిన్‌ను వెలికితీసిన ఫ్రెడరిక్ బాంటింగ్ పుట్టినరోజది. ప్రపంచ మధుమేహ దినం. బస్టాండు పక్కనో, కల్యాణ మండపం ముందో టేబుల్ వేస్తారు. వేలికి సూది గుచ్చి, స్ట్రిప్ మీద రక్తపు చుక్క పట్టి, అంకె చెప్పి పంపుతారు. వరుసలో నిలబడేవాళ్లలో చాలామందికి షుగర్ ఉండదు. ఉన్నట్టు అనుమానం వస్తే డాక్టర్ని కలవమంటారు. మర్నాటి నుంచి ఆ మనిషికి ఉచిత స్ట్రిప్ దొరకదు. జబ్బు ఉందో లేదో తెలియనంతకాలం అతని రక్తంలో చక్కెర ఎంతుందో తెలుసుకోవాలని సర్కారుకూ ఉంటుంది, దాతలకూ ఉంటుంది. జబ్బు ఖాయమై, పూటపూటా ఇన్సులిన్ పొడుచుకోవాల్సిన దశకు వచ్చాక ఆ అంకెతో ఎవరికీ పని ఉండదు, అతనికి తప్ప.

ఇది శిబిరాల వాళ్లను ఎత్తిపొడవడానికి చెప్పడం లేదు. ప్రభుత్వ కార్యక్రమం నడిచే తీరే అంత. 2010లో మొదలై, 2023లో పేరు మారిన జాతీయ అసాంక్రమిక వ్యాధుల నియంత్రణ కార్యక్రమంలో 30 ఏళ్లు దాటిన ప్రతివారికీ షుగర్, బీపీ చూడాలి. ఆశా కార్యకర్త ఫారం నింపుతుంది, ఏఎన్ఎం వేలు గుచ్చుతుంది, ట్యాబ్‌లో అంకె ఎక్కుతుంది. 2025 చివరికల్లా బీపీ, షుగర్ ఉన్న ఏడున్నర కోట్ల మందిని చికిత్సలోకి తేవాలని 2023 మేలో కేంద్రం లక్ష్యం పెట్టుకుంది. 2019లో భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) తయారు చేసిన అత్యవసర పరీక్షల జాబితాలో ఉపకేంద్రం స్థాయిలోనే షుగర్ పరీక్ష ఉండాలని రాశారు. అన్నీ మంచివే. కానీ ఈ ఏర్పాట్లన్నిటిలోనూ కొలత కేంద్రంలో జరుగుతుంది, ఇంట్లో కాదు. నెలకోసారి, రెండు నెలలకోసారి. అదీ చాలావరకు ఉదయం పది, పదకొండు గంటలకు. పరగడుపున ఎంతుందో, రాత్రి భోజనం తర్వాత ఎంతకు ఎక్కిందో, తెల్లవారుజామున మూడింటికి ఎంతకు పడిపోయిందో ఆ రిజిస్టరుకు తెలియదు. ఇన్సులిన్ వేసుకునేవాడికి కావాల్సినవి సరిగ్గా ఆ మూడు అంకెలే.

ఖర్చు లెక్క ఒకసారి చూద్దాం. టైప్-1 మధుమేహం ఉన్న పిల్లవాడికి రోజుకు 30 యూనిట్ల ఇన్సులిన్ పడుతుందనుకుందాం. మన దగ్గర సీసాలో మిల్లీలీటరుకు 40 యూనిట్లు, పది మిల్లీలీటర్లు కలిపి 400 యూనిట్లు ఉంటాయి. నెలకు రెండు సీసాలు దాటి కొంత. సాధారణ మానవ ఇన్సులిన్ అత్యవసర మందుల జాబితాలో ఉంది, దాని ధరకు ప్రభుత్వం పరిమితి పెట్టింది. బయట కొన్నా సీసా సుమారు 150 రూపాయలు. అంటే నెలకు నాలుగు వందల లోపు మందు. ప్రభుత్వ ఆస్పత్రిలో స్టాకుంటే అదీ ఉండదు. ఇప్పుడు కొలత సంగతి. ఈ పిల్లవాడికి రోజుకు కనీసం నాలుగుసార్లు చూడాలి. నెలకు 120 స్ట్రిప్‌లు. మందుల షాపులో కంపెనీని బట్టి స్ట్రిప్ 15, 20 రూపాయలు పడుతోంది. రెండు వేలు అటూ ఇటూ. మందు కన్నా మందు ఎంత వేయాలో చెప్పే కాగితం ముక్క ఐదారు రెట్లు ఖరీదు. ఆ ఇంట్లో తండ్రి తాపీ పనివాడో, తల్లి కూలికి వెళ్లేదో అయితే ఏం జరుగుతుందో ఊహించడానికి సర్వే అక్కర్లేదు. 120 స్ట్రిప్‌లు 25కు తగ్గుతాయి. 25 కాస్తా ‘నీరసంగా ఉన్నప్పుడు చూద్దాంలే’ దగ్గరికొస్తుంది. ఇన్సులిన్ మాత్రం అంచనా మీద సాగిపోతుంది.

ఐఎంఎఫ్ లెక్కలు, ద్రవ్యోల్బణం గురించి గంటలు మాట్లాడుకునే మన చర్చల్లో ఈ చిన్న కూడిక ఎందుకు రాదో నాకు అర్థం కాదు.

ఇంట్లో చూసుకునే హక్కు కూడా రోగులకు ఊరికే రాలేదు. 1960ల దాకా ఇళ్లలో మూత్ర పరీక్షే గతి. మన పాత ఆస్పత్రుల్లో కాంపౌండర్లు నీలిరంగు బెనెడిక్ట్ ద్రావణంలో ఎనిమిది చుక్కల మూత్రం వేసి స్పిరిట్ దీపం మీద కాచేవారు. నీలం అలాగే ఉంటే చక్కెర లేనట్టు. ఆకుపచ్చ, పసుపు, నారింజ దాటి ఇటుక రంగుకొస్తే బాగా పోతున్నట్టు. రక్తంలో చక్కెర ఒక హద్దు దాటాకే మూత్రంలోకి దిగుతుంది కాబట్టి అది ఎప్పుడూ పాత వార్తే చెబుతుంది. చక్కెర పడిపోతోందన్న సంగతి అసలే చెప్పదు. 1965లో ఏమ్స్ అనే అమెరికన్ కంపెనీ రక్తం చుక్కతో రంగు మారే స్ట్రిప్ తెచ్చింది. ఆ రంగును కొలిచే మీటరు కొన్నేళ్లకు వచ్చింది. మూడు పౌండ్ల బరువు, 650 డాలర్ల ధర. డాక్టర్లకూ ఆస్పత్రులకూ మాత్రమే అమ్మేవారు, రోగులకు కాదు.

రిచర్డ్ బెర్న్‌స్టయిన్ అనే న్యూయార్క్ ఇంజనీరుకు 12వ ఏటి నుంచీ టైప్-1. 1969లో ఒక పత్రికలో ఆ మీటరు ప్రకటన చూశాడు. తనకు అమ్మరు గనక డాక్టరైన భార్య పేరు మీద తెప్పించుకున్నాడు. రోజుకు ఐదారుసార్లు చూసుకుంటూ, తిండీ ఇన్సులినూ ఆ అంకెలకు తగ్గట్టు దిద్దుకుంటూ పోతే ఏళ్ల తరబడి వదలని ఉపద్రవాలు కొన్ని వెనక్కి తగ్గాయి. ఆ అనుభవం రాసి పంపితే వైద్య పత్రికలు తిప్పికొట్టాయి. రోగి తన రక్తాన్ని తాను కొలుచుకోవడమేమిటన్నది ఆనాటి వైద్యుల ధోరణి. చివరికి ఆయన 45 ఏళ్ల వయసులో మెడికల్ కాలేజీలో చేరి డాక్టరయ్యాడు, తన మాట వినిపించుకోవడానికి. 2025లో, తొంభై ఏళ్ల వయసులో చనిపోయాడు. చిన్ననాడే టైప్-1 వచ్చిన మనిషి అన్నేళ్లు బతకడం ఆ తరంలో అరుదు.

ఆయన చెప్పింది నిజమని 1993లో పెద్ద ఎత్తున రుజువైంది. అమెరికా, కెనడాల్లో 1,441 మంది టైప్-1 రోగులపై జరిగిన పరిశోధనలో, రోజూ పలుమార్లు చూసుకుంటూ ఇన్సులిన్‌ను దానికి తగ్గట్టు మార్చుకున్నవాళ్లలో కంటి రెటీనా దెబ్బతినే ముప్పు 76 శాతం తగ్గింది. నరాల జబ్బు 60 శాతం తగ్గింది. కిడ్నీ జబ్బు కూడా దాదాపు సగానికి పడిపోయింది. అదే పరిశోధనలో తీవ్రంగా చక్కెర పడిపోయే ఘటనలు దాదాపు మూడు రెట్లు పెరిగాయన్నది మనవాళ్లు తక్కువగా చెప్పుకునే సంగతి. చక్కెరను గట్టిగా అదుపు చేయాలంటే కొలత ఉండాలి. కొలత లేకుండా అదుపు చేయబోతే కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టవుతుంది. ప్రభుత్వ ఆస్పత్రి డాక్టరుకు ఇది బాగా తెలుసు. అందుకే ఇంట్లో మీటరు లేని రోగికి ఇన్సులిన్ డోసు పెంచడానికి జంకుతాడు. కొంచెం ఎక్కువే ఉండనీ, పడిపోవడం కన్నా నయం అనుకుంటాడు. తప్పు పట్టలేం. ఆ ‘కొంచెం ఎక్కువ’ పదేళ్లు నిలిస్తే కన్నూ, కిడ్నీ, పాదం లెక్క చెల్లిస్తాయి.

ఇక్కడో మాట నిక్కచ్చిగా చెప్పాలి. స్ట్రిప్‌లు అందరికీ ఉచితంగా పంచాలన్న నినాదాన్ని నేను సమర్థించను. మన దేశంలో 10.1 కోట్ల మందికి మధుమేహం ఉందని 2023లో వెలువడిన ఐసీఎంఆర్-ఇండియాబ్ అధ్యయనం తేల్చింది. వీళ్లలో అత్యధికులు టైప్-2. చాలామంది మాత్రల మీదే ఉన్నారు. మెట్‌ఫార్మిన్ ఒక్కటే వేసుకునే మనిషి రోజూ వేలు గుచ్చుకుంటే ఒరిగేది స్వల్పం. అమెరికాలోని ఉత్తర కరోలినాలో ఇన్సులిన్ వాడని 450 మంది టైప్-2 రోగులను ఏడాది పాటు గమనించి, 2017లో ఫలితాలు ప్రచురించారు. రోజూ ఇంట్లో చూసుకున్నవాళ్లకూ, చూసుకోనివాళ్లకూ మూడు నెలల సగటు చక్కెరలో చెప్పుకోదగ్గ తేడా లేదు. అంతకు ముందు 2012లో కాక్రేన్ సమీక్ష కూడా ఇంచుమించు ఇదే అన్నది: మొదటి ఆరు నెలల్లో చిన్న లాభం, ఏడాది తిరిగేసరికి అదీ కరిగిపోయింది. 

మధ్యతరగతి ఇళ్లలో చూస్తున్నదీ ఇదే. అమెరికా నుంచి కొడుకు తెచ్చిన మీటరు టీవీ బల్ల సొరుగులో ఉంటుంది. పెళ్లిలో పూర్ణాలు తిన్న మర్నాడు బయటికొస్తుంది. అంకె 240 చూపిస్తే ఆ పూట అన్నం మానేసి రెండు పుల్కాలు తింటారు, మూడో రోజుకు సొరుగు మూసేస్తారు. అంకె చూడగానే జబ్బు లొంగదు. చూసిన అంకెతో ఏదో ఒకటి మారాలి: డోసో, అన్నం కొలతో, నడక వేళో. టైప్-2 వాళ్లలోనూ ఒక పద్ధతి ప్రకారం, అంటే డాక్టరు దగ్గరికి వెళ్లబోయే ముందు మూడు రోజులు వరసగా రోజుకు ఏడుసార్లు చూసి కాగితం మీద రాసుకుని వెళ్లినప్పుడు మేలు కనిపించిందని 2011లో వచ్చిన ఒక అధ్యయనం చెబుతోంది. ఆ కాగితాన్ని డాక్టరు చదివాడు, మందు మార్చాడు, అందుకని మేలు. రోగి చూసుకోవడం సగమే.

కాబట్టి ఎవరికి ఎన్ని అన్నదే అసలు ప్రశ్న. ఇన్సులిన్ పుట్టిన టొరంటో నగరం ఉన్న ఒంటారియో రాష్ట్రం 2013లో దీనికి ఒక లెక్క కట్టింది. ప్రభుత్వ ఖర్చుతో ఇన్సులిన్ వాడేవారికి ఏడాదికి 3,000 స్ట్రిప్‌లు, చక్కెర పడిపోయే ముప్పున్న మాత్రలు వాడేవారికి 400, మిగతావారికి 200. అమెరికా మెడికేర్ పద్ధతీ అలాంటిదే: ఇన్సులిన్ వాడేవారికి మూడు నెలలకు 300, వాడనివారికి 100. ఆ అంకెలు మనకు అతకవు. అతికేది వాటి వెనకున్న తర్కం. ముప్పు ఎక్కడుందో స్ట్రిప్ అక్కడికి పోవాలి.

మన దగ్గర ముప్పు ఎక్కడుంది? టైప్-1 పిల్లలు ముందువరస, అందులో వాదన లేదు. 19 ఏళ్ల లోపు టైప్-1 ఉన్నవారు ప్రపంచంలో భారతదేశంలోనే ఎక్కువని, వారి సంఖ్య రెండు లక్షల పైచిలుకని అంతర్జాతీయ మధుమేహ సమాఖ్య 2021 అంచనా. తర్వాత గర్భిణులు. గర్భంతో వచ్చే మధుమేహాన్ని పట్టడానికి 75 గ్రాముల గ్లూకోజు తాగించి రెండు గంటలకు చూసే పరీక్ష పీహెచ్‌సీల్లో జరపాలని కేంద్ర మార్గదర్శకాలున్నాయి. పట్టాక ఇంట్లో రోజూ చూసుకోవడం ఆ తల్లికి ఐదారు నెలల పనే. మూడోది ఇన్సులిన్ మీదున్న టైప్-2 వాళ్లు, ముఖ్యంగా అరవై దాటినవాళ్లు.

నాలుగో వర్గం మన చర్చల్లో అసలు కనిపించదు. ప్రభుత్వ ఆస్పత్రుల్లో మెట్‌ఫార్మిన్‌తో పాటు గ్లిమిపిరైడ్, గ్లిబెన్‌క్లమైడ్ జాతి మాత్రలు ఇస్తారు. చవక, పని చేస్తాయి. కానీ కడుపులో తిండి ఉన్నా లేకపోయినా అవి క్లోమాన్ని పిండి ఇన్సులిన్ తీయిస్తూనే ఉంటాయి. గుంటూరు, ఖమ్మం జిల్లాల్లో మిరప కోతలకు వెళ్లే యాభై ఏళ్ల ఆడమనిషిని తీసుకోండి. తెల్లారి ఆరింటికి టీ తాగి మాత్ర వేసుకుని ఆటో ఎక్కుతుంది. సద్దిమూట పదింటికో పదకొండింటికో విప్పుతారు. ఆ మధ్యలో నాలుగు గంటలు ఎండలో వంగి కోత. కళ్లు బైర్లు కమ్ముతాయి, చేతులు వణుకుతాయి, ఒళ్లంతా చెమట. ఎండలో చెమట పట్టనిది ఎవరికి? పక్కవాళ్లు వడదెబ్బ అనుకుని నీళ్లు చల్లుతారు. ఎవరైనా బెల్లం ముక్క నోట్లో వేస్తే అదృష్టం. డెసిలీటరుకు 70 మిల్లీగ్రాముల కిందికి దిగితే వెంటనే మూడు నాలుగు చెంచాల పంచదార నీళ్లు పట్టాలని, పావుగంటకు మళ్లీ చూడాలని ఆమెకు ఎవరూ చెప్పి ఉండరు. చెప్పినా చూసుకోవడానికి ఏమీ ఉండదు. ఇలాంటివి రెండుసార్లు జరిగితే ఆమె మాత్ర మానేస్తుంది. రిజిస్టర్లో ‘మందులు సరిగా వాడడం లేదు’ అని రాస్తారు. నిజానికి ఆమె తన ఒంటి మాట విని మానేసింది. ఆమెకు ఏడాదికి వందల స్ట్రిప్‌లు అక్కర్లేదు. మాత్ర మొదలుపెట్టినప్పుడూ, డోసు మార్చినప్పుడూ ఒక డబ్బా చాలు.

ధర దగ్గరికి మళ్లీ వద్దాం. మీటరు చవగ్గా, ఒక్కోసారి ఊరికే ఇచ్చి స్ట్రిప్‌ల మీద రాబట్టుకోవడం ఈ వ్యాపారం పద్ధతి; గడ్డం గీసుకునే రేజరుకూ బ్లేడుకూ ఉన్న సంబంధమే. ఒక కంపెనీ స్ట్రిప్ ఇంకో కంపెనీ మీటరులో పట్టదు. అదే కంపెనీ పాత మోడల్ ఆపేస్తే మీటరు చెత్తబుట్టకే. 2021 జులైలో జాతీయ ఔషధ ధరల సంస్థ ఆక్సీమీటర్, గ్లూకోమీటర్, బీపీ మీటర్, నెబ్యులైజర్, డిజిటల్ థర్మామీటర్, ఈ ఐదింటి మీద వ్యాపారుల లాభాన్ని 70 శాతానికి కట్టడి చేసింది. పంపిణీదారుకు పడే ధరకూ ఎమ్మార్పీకీ మధ్య తేడా కొన్నిట్లో 709 శాతం దాకా ఉందని అప్పుడే బయటపడింది. కొవిడ్ వేడిలో పుట్టిన ఆ నిర్ణయం గ్లూకోమీటరు ధర తగ్గించింది. కానీ రోగి జేబుకు చిల్లు పెట్టేది జీవితంలో ఒకసారో రెండుసార్లో కొనే మీటరు కాదు, నెలనెలా కొనే డబ్బా. 2025 సెప్టెంబర్ 22 నుంచి గ్లూకోమీటర్లు, స్ట్రిప్‌ల మీద జీఎస్టీ 12 శాతం నుంచి 5 శాతానికి దిగింది. నెలకు రెండు వేలు పెట్టేవారికి వంద, నూటపాతిక మిగులుతుంది. వద్దనేవాళ్లెవరు? సమస్య మాత్రం ఆ పరిమాణంలో లేదు.

స్వదేశీ స్ట్రిప్ కథ హైదరాబాద్‌తో ముడిపడి ఉంది. 2014 జనవరిలో అప్పటి కేంద్ర ఆరోగ్య మంత్రి గులాం నబీ ఆజాద్ దిల్లీలో రెండు దేశవాళీ గ్లూకోమీటర్లను విడుదల చేశారు. ఐసీఎంఆర్ అండతో జరిగిన ఆ పరిశోధనలో బిట్స్ పిలానీ హైదరాబాద్ క్యాంపస్, ఐఐటీ బొంబాయి పాలుపంచుకున్నాయి. స్ట్రిప్ రెండు నుంచి నాలుగు రూపాయలకు వస్తుందని అప్పుడు ప్రకటించారు. ఏళ్లు గడిచిపోయాయి. ఆ ధరకు స్ట్రిప్ అమ్మే మందుల షాపు నాకైతే ఎక్కడా తారసపడలేదు. ప్రయోగశాలలో పని అయిపోతే సరిపోదు. ఏటా ఇన్ని లక్షలు కొంటామని ఎవరో ఒకరు మాటివ్వాలి. ఆ మాట ఇవ్వగలిగింది ప్రభుత్వమొక్కటే.

కొనడమంటే ఏది పడితే అది కొనమని కాదు. ఎల్-1 టెండరు వేసి, అందరికన్నా తక్కువ కోట్ చేసినవాడి డబ్బాలు జిల్లా గోదాముకు చేర్చేస్తే కొత్త కష్టాలు వస్తాయి. స్ట్రిప్ సున్నితమైన వస్తువు. దాని చివర పూసిన ఎంజైమ్ రక్తంలోని గ్లూకోజుతో కలిసి పుట్టించే కొద్దిపాటి కరెంటును మీటరు చదువుతుంది. మామూలుగా 30 డిగ్రీల లోపు ఉంచమని డబ్బా మీద రాసి ఉంటుంది. రెంటచింతలలో, రామగుండంలో మే నెలలో రేకుల షెడ్డు కింద ఎంత ఉంటుందో చెప్పనక్కర్లేదు. కోనసీమ తేమలో మూత సరిగా పెట్టని డబ్బా నాలుగు రోజుల్లో పాడవుతుంది. అంకె మాత్రం చూపిస్తూనే ఉంటుంది. మామిడిపండు తిన్న చెయ్యి కడుక్కోకుండా గుచ్చుకుంటే రక్తంతో పాటు పండు రసాన్నీ కొలుస్తుంది. నేను చూసిన ఒక ఇంట్లో స్ట్రిప్‌లన్నీ డబ్బాలోంచి తీసి పసుపు, కుంకుమ పెట్టుకునే ప్లాస్టిక్ పెట్టెలో దాచారు. డబ్బా మూతకు లోపల అంటించి ఉండే తెల్లటి బిళ్ల తేమను పీల్చడానికేనని వాళ్లకు తెలియదు, చెప్పాల్సినవాళ్లు చెప్పలేదు. 112 చూసి నిశ్చింతగా ఉన్నారు. ఆస్పత్రి ల్యాబులో అదే పూట 190 వచ్చింది.

ఇంకో సంగతి మన రాష్ట్రాలకు మరీ ముఖ్యం, టెండరు పత్రాలు రాసేవాళ్లు గమనించాల్సింది. రక్తం పలచగా ఉన్నవాళ్లలో, అంటే ఎర్ర రక్తకణాల పాలు తక్కువగా ఉన్నవాళ్లలో, చాలా మీటర్లు ఉన్నదాని కన్నా ఎక్కువ చూపిస్తాయి. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం, 2019-21లో 15-49 ఏళ్ల మహిళల్లో రక్తహీనత ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం. నిజంగా 65 ఉన్నప్పుడు మీటరు 80 చూపిస్తే ఆమె చక్కెర పడిపోవడం ఎవరికీ కనబడదు. 150 ఉన్నప్పుడు 175 చూపిస్తే గర్భిణికి అక్కర్లేని ఇన్సులిన్ పెరుగుతుంది. రక్తకణాల తేడాను లెక్కలోకి తీసుకుని సరిదిద్దే మీటర్లు ఇప్పుడు ఉన్నాయి. అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 15197 ప్రకారం వందకు 95 రీడింగులు, చక్కెర 100 పైన ఉన్నప్పుడు 15 శాతం తేడాకు, 100 లోపున్నప్పుడు 15 మిల్లీగ్రాముల తేడాకు మించకూడదు. టెండరులో ఈ రెండు షరతులూ పెట్టాలి. పెట్టాక, సరఫరా అయిన ప్రతి లాటు నుంచీ కొన్ని తీసి మెడికల్ కాలేజీ ల్యాబులో సరిచూడాలి. ఇదంతా చేస్తే స్ట్రిప్ రెండు రూపాయలకు రాకపోవచ్చు. ఐదుకొచ్చినా మేలే.

డబ్బెక్కడిది అంటారు. అడగాల్సిందే. ఆంధ్రప్రదేశ్‌లో డయాలసిస్ మీదున్న కిడ్నీ రోగికి నెలకు పదివేల రూపాయల పింఛను ఇస్తున్నారు. 2016 నుంచి జాతీయ డయాలసిస్ కార్యక్రమం నడుస్తోంది. తెలుగు రాష్ట్రాల ఉచిత వైద్య పథకాల్లోనూ డయాలసిస్ ఉంది. ఇవన్నీ ఇవ్వాల్సినవే, ఇంకా పెంచినా తప్పులేదు. అదుపు తప్పిన షుగర్ కిడ్నీలు చెడిపోవడానికి ప్రధాన కారణాల్లో ఒకటన్నది మాత్రం ఆ జీవో రాసినవాళ్లకూ తెలుసు. ఇన్సులిన్ వాడే టైప్-2 రోగికి నెలకు 40 స్ట్రిప్‌లు, ఒక్కోటి ఐదు రూపాయలు అనుకుంటే 200. ఒక డయాలసిస్ పింఛను సొమ్ముతో యాభై మందికి నెలంతా కొలత దొరుకుతుంది. మన ఆరోగ్య బడ్జెట్ మనస్తత్వమే మంచం ఎక్కిన తర్వాతి ఖర్చుకు అలవాటు పడింది. ఆస్పత్రి ప్యాకేజీకి ఒక కోడ్ ఉంటుంది, క్లెయిమ్ ఉంటుంది, చెక్కు అందుకున్న లబ్ధిదారుతో ఫొటో ఉంటుంది. స్ట్రిప్‌తో ఫొటో దిగే మంత్రి ఉండడు.

అంతర్జాతీయంగా మనం ఒప్పుకున్న మాటా ఉంది. 2022 మేలో ప్రపంచ ఆరోగ్య సభ మధుమేహం మీద 2030కి ఐదు లక్ష్యాలు ఆమోదించింది. నాలుగు లక్ష్యాలకు 60, 80 శాతం అని పెట్టారు. ఐదోదానికి మాత్రం 100 శాతం: టైప్-1 ఉన్న ప్రతి ఒక్కరికీ అందుబాటు ధరలో ఇన్సులిన్, ఇంట్లో చూసుకునే ఏర్పాటు. రెండూ ఒకే వాక్యంలో ఉన్నాయి. కేరళ ఈ దిశలో ముందడుగు వేసింది. ‘మిఠాయి’ పేరుతో నడిచే పథకంలో టైప్-1 పిల్లలకు ఇన్సులిన్ పెన్నులతో పాటు మీటరూ స్ట్రిప్‌లూ ఇస్తున్నారు. ఈ పిల్లలకు బడిలో కూడా ఇబ్బందే. తరగతిలో వేలు గుచ్చుకోవడానికి, పరీక్ష హాలులో మీటరు, చాక్లెట్ ఉంచుకోవడానికి అనుమతివ్వాలని బాలల హక్కుల జాతీయ కమిషన్ 2023 మార్చిలో రాష్ట్రాలకు రాసింది. మీటరుకు అనుమతి దొరికినా అందులో పెట్టే స్ట్రిప్ లేని పిల్లవాడికి ఆ ఉత్తరం ఏ మేరకు పనికొస్తుంది?

చర్మానికి అంటించుకుంటే పద్నాలుగు రోజులు చక్కెర చూపించే సెన్సర్లు వచ్చాయి కదా, ఇంకా స్ట్రిప్‌ల గొడవేమిటని హైదరాబాద్‌లో కొందరు డాక్టర్లు అంటున్నారు. బ్రిటన్‌లో 2022 నుంచి టైప్-1 వారందరికీ ప్రభుత్వ వైద్యంలోనే ఇవ్వాలని మార్గదర్శకం వచ్చింది. ఇక్కడ ఒక్కో సెన్సరుకు వేలల్లో పెట్టాలి. వస్తే మంచిదే. అప్పటిదాకా కూర్చోలేం.

పంచడమెలా అన్నదానికి కొత్త సర్వే, కొత్త యాప్, కొత్త కార్డు అంటూ మొదలుపెడితే మళ్లీ రెండేళ్లు పోతాయి. ఇన్సులిన్ ఎక్కడ ఎంత ఖర్చవుతోందో ప్రభుత్వం దగ్గర లెక్క ఇప్పటికే ఉంది. రెండు రాష్ట్రాల ప్రభుత్వ ఆస్పత్రులకు మందులు కొనే ఏపీఎంఎస్ఐడీసీ, టీజీఎంఎస్ఐడీసీ సంస్థలు దాన్ని కొంటున్నాయి. జిల్లా సెంట్రల్ డ్రగ్ స్టోరు నుంచి పీహెచ్‌సీకి వెళ్లే ప్రతి సీసా ఈ-ఔషధి సాఫ్ట్‌వేర్‌లో నమోదవుతుంది. ఫార్మసిస్టు ఇండెంటులో ఇన్సులిన్ అని కొట్టగానే దానికి జతగా ఇన్ని స్ట్రిప్‌లు, ఇన్ని సూదులు అని పక్క గడి నిండాలి. టైప్-1 అయితే నెలకు 120, ఇన్సులిన్ మీదున్న టైప్-2 అయితే 40, గర్భిణి అయితే డాక్టరు రాసినన్ని. రోగి ఖాళీ డబ్బాతో పాటు అంకెలు రాసుకున్న నోటుపుస్తకం తెస్తేనే తర్వాతి డబ్బా ఇవ్వాలి. ఏఎన్ఎం ఆ పుస్తకం చూసి, 70 కింద ఒక్క అంకె కనిపించినా, వరసగా మూడు రోజులు 250 దాటినా మెడికల్ ఆఫీసరుకు ఫోన్ చేయాలి. వాడేసిన సూదులు వేయడానికి మూత గట్టిగా బిగిసే ప్లాస్టిక్ సీసా ఒకటి ఇంటికి పంపి, నిండాక ఉపకేంద్రంలో తీసుకోవాలి. మొదటి ఏడాది రెండు రాష్ట్రాల్లో చెరో జిల్లాలో, ఎండ ఎక్కువుండే జిల్లా ఒకటి, తేమ ఎక్కువుండే జిల్లా ఒకటి ఎంచుకుని నడిపితే స్ట్రిప్‌లు ఎన్ని పాడవుతున్నాయో, ఎన్ని నిజంగా వేలి దాకా వెళ్తున్నాయో తెలిసిపోతుంది. టెండరు షరతులు మార్చాల్సి వస్తే రెండో ఏడాదికి మార్చుకోవచ్చు.